కాంట్రాక్టు మనది, బతుకు వాళ్ళది
కోసాడ్ ఆవాస్‌లో పనికి చేరే కొత్త సోషల్ వర్కర్లకు ఒక పెద్దమనిషి చెప్పే పది పాఠాలు

సూరత్‌లో తాపీ నది దాటి, అమ్రోలీ మీదుగా ఉత్తరానికి వెళ్తే కోసాడ్ వస్తుంది. ముంబయి–అహ్మదాబాద్ రైలు మార్గంలో చిన్న స్టేషన్ అది. 2006లో నగరపాలక సంస్థ హద్దులు పెంచినప్పుడు సూరత్‌లో కలిసింది. ఆ ఏడాది ఆగస్టులోనే ఉకాయ్ డ్యామ్ నీళ్ళు వచ్చి నగరంలో చాలా భాగాన్ని ముంచాయి. తర్వాతి ఏళ్ళలో జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం కింద కోసాడ్‌లో వరసగా బిల్డింగులు కట్టి, నది ఒడ్డు బస్తీల వాళ్ళను, నగరం నడిబొడ్డున గుడిసెలు పోగొట్టుకున్న వాళ్ళను తెచ్చి పెట్టారు. అందరూ దాన్ని ‘ఆవాస్’ అంటారు. మన పద్మశాలి కుటుంబాలు ఎక్కువగా లింబాయత్ వైపు ఉంటాయి. అయినా ఆవాస్ మెట్ల దగ్గర గుజరాతీ, మరాఠీ, హిందీ, ఒడియాల మధ్య తెలుగు మాట కూడా వినిపిస్తుంది.

మా నాయన వరంగల్ వైపు మగ్గం వదిలి ఇక్కడ సాంచాల (మరమగ్గాల) మీద పనికి వచ్చాడు. నేను ఇక్కడే పెరిగి, చదివి సోషల్ వర్కర్‌నయ్యాను. నా ఉద్యోగమంతా కాంట్రాక్టు మీదే నడిచింది. జీతం ఇచ్చేది ఒక ఏజెన్సీ, పని చేయించుకునేది ఇంకో సంస్థ, పథకం సర్కారుది. ఆరు నెలలకో పదకొండు నెలలకో ప్రాజెక్టు ముగిసేది, మరొకటి మొదలయ్యేది.

ఈ పని ఇలా ఎందుకుందో ముందు తెలుసుకోండి. పసిపిల్లలకు 1975 నుంచి అంగన్‌వాడీ ఉంది. గర్భిణి ఇంటికి ఆశా కార్యకర్త వస్తుంది. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు ఉంది. సాంచాల మోతకు చెవులు పోయి పని మానేసిన యాభై అయిదేళ్ళ మనిషికి ఎవరున్నారు? పై అంతస్తు నుంచి దిగలేని అవ్వకు, మతిస్థిమితం లేని ఎదిగిన కొడుకును ఒంటరిగా సాకుతున్న తల్లికి ఎవరున్నారు? వాళ్ళ కోసమే నియమించిన పర్మనెంట్ ఉద్యోగి ఎవరూ లేరు. వాళ్ళ గడప తొక్కేది ప్రాజెక్టు మనిషే, అంటే మనమే. మన గడువు తీరుతుంది కానీ వాళ్ళ అవసరం తీరదు. నేను చెప్పే పాఠాలన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే ఉంటాయి.

1. మొదటి రోజే మీ గడువు చెప్పండి

“అవ్వా, నేను మార్చి దాకా వస్తాను. ఆ తర్వాత నేను రాకపోవచ్చు. ఈ లోపల నీ పింఛను కాగితం పని చూద్దాం.” మొదటిసారి కలిసినప్పుడే ఈ మాట చెప్పాలి. చెబితే నమ్మకం పోతుందని కొత్తవాళ్ళు జంకుతారు. నేను చూసిందేమిటంటే, చెప్పకుండా మాయమైతేనే నమ్మకం పోతుంది. ఆవాస్ జనం సర్వేలకు వచ్చి ఫొటోలు తీసుకుని, సంతకాలు పెట్టించుకుని మళ్ళీ కనపడని వాళ్ళను చాలామందిని చూశారు. ఒకసారి మోసపోయిన ఇంటి తలుపు మీ తర్వాత వచ్చే మనిషికి కూడా తెరుచుకోదు.

గడువు చెప్పినప్పుడు ఆ గడువులో పూర్తయ్యే పని ఏదో కూడా చెప్పండి. ఇల్లు ఇప్పిస్తాను, ఉద్యోగం ఇప్పిస్తాను అనే మాటలు మన నోట రాకూడదు. “దరఖాస్తు పెట్టిస్తాను, రసీదు మీ చేతికిస్తాను” అనండి. అది మన చేతిలో ఉన్న పని.

2. ఎవరు ఎప్పుడు మేలుకుని ఉంటారో తెలుసుకోండి

సూరత్ సాంచాలు రాత్రీ పగలూ నడుస్తాయి. షిఫ్టు పన్నెండు గంటలు. రాత్రి షిఫ్టు చేసిన మనిషి పగలు పదకొండింటికి గాఢనిద్రలో ఉంటాడు. అప్పుడు తలుపు తట్టి ఫారం నింపమంటే ఆ ఇంట్లో మీకు చోటుండదు. నది అవతల ఇళ్ళల్లో పని చేసుకునే ఆడవాళ్ళు పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి మధ్యాహ్నం దాటాక వస్తారు. పనులున్న చోటికీ వీళ్ళను తెచ్చి పెట్టిన చోటికీ దూరం పెరిగింది. రోజులో ఎంత భాగం ప్రయాణానికే పోతోందో తెలియకపోతే వాళ్ళ ఇబ్బంది మీకు అర్థం కాదు.

ముసలివాళ్ళు ఎప్పుడూ ఇంట్లోనే ఉంటారు, నిజమే. అయితే బిల్డింగులకు లిఫ్టులు లేవు. మోకాళ్ళు పట్టేసిన మనిషికి పై అంతస్తులో ఫ్లాటు వస్తే ఆ మనిషి లోకం ఆ గదే. “ఆఫీసుకు రండి” అని వాళ్ళతో అనకండి, మీరే మెట్లెక్కండి. కింది అంతస్తులో కనబడే వాళ్ళతోనే పని ముగిస్తే, సాయం అందరికంటే ఎక్కువ కావలసిన వాళ్ళు మీ లిస్టులో ఉండరు.

3. గట్టిగా మాట్లాడాల్సిన చోట గుట్టు కాపాడండి

ఏళ్ళ తరబడి సాంచాల మధ్య నిలబడ్డ వాళ్ళకు వినికిడి తగ్గుతుంది. వాళ్ళతో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. ఆవాస్ గోడల మధ్య గొంతు పెంచితే వరసంతా వింటుంది. కొడుకు కొట్టాడని, టీబీ ఉందని, అప్పుందని పక్కింటికి తెలిసేలా అడగడం సాయం కాదు. జనం తక్కువున్న వేళ చూసుకుని మేడ మీదికో, బస్తీ దవాఖానా గదిలోకో తీసుకెళ్ళండి. చదువొచ్చిన వాళ్ళకు పలక మీద పెద్ద అక్షరాలతో రాసి చూపండి. వాళ్ళు మీ పెదవులు చూసేలా ఎదురుగా కూర్చోండి.

వినికిడి పరీక్ష మాత్రం తప్పకుండా చేయించండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వినికిడి లోపం అందులో ఉంది. ఆసుపత్రి ధ్రువపత్రంతో వచ్చే యూడీఐడీ కార్డు దేశమంతా చెల్లుతుంది. ఇవాళ సూరత్‌లో ఉండి రేపు జనగామకు వెళ్ళే మనిషికి అది చాలా విలువైన కాగితం. “వయసు మీద పడింది, అందుకే వినపడట్లేదు” అనుకుని వదిలేసిన వాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళ చెవులు పోవడానికి కారణం వయసొక్కటే కాదు, చేసిన పని కూడా.

4. ఇంట్లో పిల్లలను దుబాసీలుగా కూర్చోబెట్టకండి

సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాల్లోనూ బడులు నడుపుతోంది. ఇంటికి ఎవరైనా వస్తే, బడికెళ్ళే పిల్ల మధ్యలో నిలబడి నానమ్మ మాటను గుజరాతీలో చెబుతుంది. రేషన్ కార్డు నంబరు అడగడం వరకు పరవాలేదు. తండ్రి తాగుడు, తల్లి ఒంటిమీద దెబ్బలు, తాత చావాలనుకుంటున్నాడన్న సంగతి పదేళ్ళ పిల్ల నోట పలికించకూడదు. ఆ మాటల బరువు ఆ పిల్ల మీదే పడుతుంది. పైగా సగం మాట దాచి చెబుతుంది.

భాష రాకపోతే ఆ భాష తెలిసిన తోటి వర్కర్‌ను తెచ్చుకోండి. కుదరకపోతే ఇంటివాళ్ళు ఒప్పుకున్న పెద్ద మనిషిని, ఆ కుటుంబంతో లావాదేవీలు లేని వాళ్ళను వెతకండి. అప్పిచ్చినవాడు, పనిలో పెట్టిన మేస్త్రీ దుబాసీగా కూర్చుంటే నిజం బయటికి రాదు. ఆడమనిషి కష్టం వినడానికి ఆడమనిషే వెళ్ళాలి.

5. రెండు ఊళ్ళ కాగితాలూ ఒకచోట పరిచి చూడండి

వలస మనిషి కాగితాలు సగం ఊళ్ళో ఉంటాయి, సగం ఇక్కడ ఉంటాయి. మన పనిలో పెద్ద భాగం ఈ కాగితాలతోనే ఉంది.

జాతీయ సామాజిక సహాయ పథకం 1995లో మొదలైంది. దాని కింద బీపీఎల్ ఇంటి ముసలివాళ్ళకు కేంద్రం ఇచ్చేది 79 ఏళ్ళ దాకా నెలకు 200 రూపాయలు, 80 వచ్చాక 500. 40 నిండిన వితంతువుకు 300. దీనిమీద రాష్ట్రాలు తమ వాటా కలుపుతాయి. గుజరాత్‌లో వితంతు పింఛను గంగా స్వరూపా పేరుతో నెలకు 1,250 వస్తుంది. తెలంగాణలో 2014లో ఆసరా మొదలైంది. 2019 నుంచి ముసలివాళ్ళకు 2,016 ఇస్తున్నారు, చేనేత కార్మికులకు 50 ఏళ్ళకే అర్హత ఉంది. ఒక మనిషి ఒకచోటే తీసుకోవాలి. ఎక్కడన్నది డబ్బు ఎంతన్నది చూసి తేల్చే లెక్క కాదు. మిగతా కాలం ఎక్కడ గడపదలిచారు, ఎవరు చూసుకుంటారు, వేలిముద్ర వేయడానికి అంత దూరం పోగలరా అని అడగండి. నిర్ణయం వాళ్ళ నోటి నుంచే రావాలి.

రేషన్ సంగతి వేరు. ‘ఒకే దేశం ఒకే రేషన్ కార్డు’ 2022 నాటికి అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. ఊళ్ళో ఉన్నవాళ్ళు వాళ్ళ వాటా అక్కడ తీసుకోవచ్చు, ఇక్కడున్న వాళ్ళు ఇక్కడి దుకాణంలో తీసుకోవచ్చు. అది జాతీయ ఆహార భద్రత చట్టం కింది కార్డు కావాలి. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డు ఇక్కడ పనిచేయదు. దుకాణం ముందు నిలబెట్టకముందే ఆ తేడా చూసుకోండి.

ఇంటికి సంపాదించి పెట్టే మనిషి 18కీ 59కీ మధ్య వయసులో పోతే బీపీఎల్ కుటుంబానికి ఒకేసారి 20,000 రూపాయలు ఇస్తారు. గుజరాత్‌లో దీన్ని సంకట్ మోచన్ అంటారు. దినాలు అయ్యాక ఆ ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెప్పడం మన బాధ్యత. దుఃఖంలో ఉన్నవాళ్ళు తమంతట తాము అడగరు. 70 నిండిన వాళ్ళకు, ఆదాయంతో పని లేకుండా, 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది. జబ్బు వచ్చాక పరుగెత్తడం కంటే ముందే చేయించడం మేలు.

అన్నిటికన్నా ముందు పేరు, పుట్టిన తేదీ చూడండి. తెలుగు ఇంటిపేరు గుజరాత్ కాగితాల్లో చివరికి పోతుంది, తండ్రి పేరు మధ్యలోకి వస్తుంది. ఆధార్‌లో ఒకలా, బ్యాంకులో ఒకలా ఉన్న ఒక్క అక్షరం నెలల తరబడి పింఛను ఆపుతుంది.

6. మనిషి రైలెక్కినా మందు ఆగకూడదు

నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్‌లో ఎక్కితే వరంగల్‌లో దిగవచ్చు. బతుకమ్మకూ దసరాకూ మనవాళ్ళు దానికే వెళ్తారు. టీబీ మందులు వాడుతున్న మనిషి పండగకు ఊరెళ్ళి, బాగానే ఉందని అక్కడే ఆగిపోతే మందు తప్పుతుంది. తప్పిన మందు జబ్బును మొండిగా చేస్తుంది. టీబీ రోగులందరికీ నిక్షయ్ పోర్టల్‌లో ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరుతో కేసును ఊళ్ళోని ఆరోగ్య కేంద్రానికి మార్చవచ్చు. నెలకు వచ్చే పోషణ డబ్బు 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు అయింది, అదీ ఆగదు.

టికెట్ ఎప్పటికి కొన్నారో అడగడం మన పనిలో భాగమే అనుకోండి. బీపీకైనా షుగరుకైనా, మతి కుదురు కోసం వాడే మందుకైనా ఇదే పద్ధతి: ప్రయాణానికి ముందు మందుచీటీ జిరాక్సు, సరిపడా మందులు, ఊళ్ళో ఎవరిని కలవాలో రాసిన కాగితం.

7. వద్దు అనే హక్కు పెద్దవాళ్ళది

మనం పనిచేసేది వయసొచ్చిన వాళ్ళతో. వాళ్ళ మంచి మనకే ఎక్కువ తెలుసని అనుకోకూడదు. ఒక అమ్మ తన కొడుకు మీద ఫిర్యాదు పెట్టనంటే పెట్టను అంటుంది. ఆమెకు కోపం ఉంది, దాంతోపాటు ప్రేమ ఉంది, రేపటి భయం ఉంది. మనం చేయాల్సింది ఆమెకు దారులన్నీ తెలిపి ఉంచడం.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద, పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్ళి పోషణ ఖర్చు అడగవచ్చు. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే, ఆ రాత రద్దు చేయమని 23వ సెక్షన్ కింద అడగవచ్చు. ఫ్లాటు అవ్వ పేరు మీద ఉన్న ఇంట్లో ఈ మాట ముందే చెప్పి ఉంచితే, సంతకం పెట్టేముందు ఆమె ఆలోచిస్తుంది. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567ను పెద్ద అంకెలతో గోడ మీద రాసి పెట్టండి.

ప్రాణానికే ముప్పు కనబడితే, తనకు ఏం జరుగుతోందో ఆ మనిషికే తెలియని స్థితి ఉంటే, అప్పుడు ఒంటరిగా నిర్ణయం తీసుకోకండి. పై అధికారికి అదే రోజు చెప్పండి, చెప్పినట్టు రాసి పెట్టండి.

8. తాగుడు గురించి, చావు గురించి భయం లేకుండా అడగండి

గుజరాత్‌లో రాష్ట్రం ఏర్పడిన 1960 నుంచీ మద్యనిషేధం ఉంది. కాబట్టి తాగే మనిషి కుటుంబం పోలీసుకు భయపడి డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళదు. మనం పోలీసులం కాదని, చెప్పిన మాట ఎవరికి చేరుతుందో, ఎవరికి చేరదో మొదట్లోనే తెలియజేయండి. ఫారంలో అవసరమైనంతే రాయండి. ఏళ్ళుగా తాగుతున్న మనిషిని ఒక్కసారిగా మానెయ్యమని ఒట్టు పెట్టించకండి. ఉన్నట్టుండి మానితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం పోవచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మానిపించాలి.

చావాలనిపిస్తోందా అని అడిగితే ఆ ఆలోచన పుడుతుందని భయపడకండి. అడిగితే మనిషి బరువు దించుకుంటాడు. 2018 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగానే చూడమంటోంది, శిక్షించమనడం లేదు. కేసు అవుతుందని దాచే కుటుంబానికి ఈ సంగతి చెప్పండి. టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చు.

9. మీ తర్వాత వచ్చే మనిషి కోసం రాయండి

సాంచాల దగ్గర పగటి మనిషి వెళ్ళేటప్పుడు ఏ పోగు తెగుతోందో, ఏ సాంచ సతాయిస్తోందో రాత్రి మనిషికి చెప్పి పోతాడు. మన ఫైలు కూడా అలా ఉండాలి. “విజిట్ చేశాను, కౌన్సెలింగ్ ఇచ్చాను” అనే రాత ఎవరికీ పనికిరాదు. ఎవరిని కలిశాను, ఆ మనిషి ఏం కోరారు, ఏ దరఖాస్తు ఏ తేదీన ఏ ఆఫీసులో ఇచ్చాం, రసీదు నంబరు ఎంత, తర్వాత ఏ రోజున ఎవరు ఏం చేయాలి అని రాయండి. ఊహ వేరుగా, చూసింది వేరుగా ఉండాలి. “సోమరి”, “గయ్యాళి” లాంటి మాటలు ఫైల్లోకి ఎక్కితే మనం వెళ్ళాక కూడా ఆ మనిషిని వెంటాడతాయి.

అసలు కాగితాలు ఎప్పుడూ మన సంచిలో ఉంచుకోకండి. ప్రతి ఇంటికీ ఒక ప్లాస్టిక్ కవరు ఇచ్చి, రసీదులన్నీ అందులో ఆ ఇంటివాళ్ళ దగ్గరే ఉంచండి. ఏజెన్సీ మారినా, ఆఫీసు ఎత్తేసినా ఆ కవరు మిగులుతుంది.

చివరి నెలలో కొత్త కేసులు తగ్గించుకుని, ప్రతి ఇంటికీ వెళ్ళి సెలవు తీసుకోండి. కొత్త వర్కర్ వచ్చి ఉంటే వెంట తీసుకెళ్ళి చూపించండి. రాకపోతే, ఏ ఆఫీసులో ఎవరిని అడగాలో కాగితం మీద రాసివ్వండి. మీ సొంత ఫోను నంబరు ఇచ్చి “ఎప్పుడైనా చెయ్యండి” అనకండి. వేరే ఊళ్ళో వేరే పనిలో ఉన్నప్పుడు మీరు ఎత్తలేని ఫోను వాళ్ళకు ఇంకో దెబ్బ అవుతుంది.

10. మీ హక్కును కూడా మీరే కాపాడుకోండి

మనలాగే బ్రిటన్‌లోనూ ఏజెన్సీల ద్వారా పెద్దల సంక్షేమ విభాగాల్లో తాత్కాలికంగా పనిచేసే సోషల్ వర్కర్లు ఉన్నారు. ఇంగ్లండ్‌లో రిజిస్టరులో పేరు లేకుండా ఎవరూ సోషల్ వర్కర్ అని చెప్పుకోకూడదు. 2019 నుంచి ఆ రిజిస్టరును సోషల్ వర్క్ ఇంగ్లండ్ అనే సంస్థ చూస్తోంది. ఏజెన్సీ మారినా ఆ గుర్తింపు మనిషితోనే ఉంటుంది. మన దగ్గర 2021 నాటి అలైడ్ హెల్త్‌కేర్ చట్టం ఆసుపత్రుల్లో, మానసిక వైద్యంలో పనిచేసే సోషల్ వర్కర్లను గుర్తించింది. బస్తీల్లో తిరిగే వాళ్ళందరికీ అలాంటి రిజిస్టరు ఇంకా లేదు.

కాబట్టి నియామక పత్రం లేకుండా పనిలో దిగకండి. మీకు జీతం ఇచ్చేదెవరో, పని చెప్పేదెవరో అందులో రాసి ఉండాలి. పీఎఫ్ ఖాతాకు యూఏఎన్ నంబరు ఒక్కటే ఉండాలి, ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్తది తెరవనివ్వకండి. జీతంలో కోసిన 12 శాతం నిజంగా జమ అవుతోందా అని ఫోనులోనే చూసుకోవచ్చు. జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ గురించి అడగండి. ప్రతి ప్రాజెక్టు చివరా అనుభవ పత్రం రాయించుకోండి. జీతం నెలల తరబడి ఆగిన రోజులు నేనూ చూశాను. అప్పుడు కాగితం ఉన్నవాళ్ళే గట్టిగా నిలబడి అడగగలిగారు. సాయంత్రం ఒంటరిగా కొత్త ఇంటికి వెళ్ళాల్సి వస్తే ఎక్కడికి వెళ్తున్నారో తోటివాళ్ళకు చెప్పి వెళ్ళండి. మీ ప్రాణం కంటే ఏ టార్గెట్టూ ఎక్కువ కాదు.

చివరగా, మమ్మల్ని పనిలో పెట్టేవాళ్ళకు ఒక విన్నపం. ముసలితనం పదకొండు నెలల్లో ముగిసే ప్రాజెక్టు కాదు. వైకల్యమూ, వైధవ్యమూ అంతే. ప్రతి వార్డుకూ పెద్దవాళ్ళ కోసం ఒక పర్మనెంట్ సోషల్ వర్కర్‌ను నియమించండి. అది జరిగేదాకా కనీసం పాత మనిషి, కొత్త మనిషి ఒక నెల కలిసి పనిచేసేలా కాంట్రాక్టు రాయండి. ఇక కొత్తగా వచ్చే మీకు చెప్పేది ఒక్కటే: మీరు కోసాడ్‌లో ఎన్ని నెలలు ఉంటారన్నది మీ చేతిలో లేదు. మీరు మొదలుపెట్టిన పని మీరు లేకుండా కూడా సాగేలా చేయడం మాత్రం మీ చేతిలోనే ఉంది. చేయండి.